ఖాళీ గడి

సంచిలో అడుగున పంచెలు పెట్టాను. నాలుగు రోజుల ప్రయాణానికి మూడు చాలు. మా మరిది తాతాజీ ఏడు తెచ్చి మంచం మీద పెట్టాడు. అన్నీ ఇస్త్రీ చేయించినవే. వాటి మీద ఆరు చొక్కాలు, రెండు తువ్వాళ్ళు, బీపీ మాత్రల డబ్బా, గడ్డం గీసుకునే చిన్న అద్దం. ఆఖరున మళ్ళీ లోపలికి వెళ్ళి శాలువా తెచ్చాడు.

జూన్ నెల. మృగశిర కార్తె వచ్చినా చినుకు లేదు. ఫ్యాను కింద కూర్చున్నా వీపు తడిసిపోతోంది. ఈ ఎండల్లో శాలువా దేనికి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పడుతుందా వదినగారూ?" అన్నాడు.

"పట్టిస్తాను లెండి. జిప్పు దగ్గర కాస్త నొక్కి పట్టుకోండి."

ఇద్దరం కలిసి నొక్కితే జిప్పు పడింది. నాలుగు రోజులు ఊరెళ్ళొస్తానన్నాడు. ఏ ఊరో చెప్పలేదు. నేను అడగలేదు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగడం మా ఇళ్ళల్లో లేదు. అడిగితే వెళ్ళిన పని చెడుతుందంటారు. నా భయం అంతకంటే పెద్దది.

ముందు గదిలో చక్రాల కుర్చీలో మా ఆయన కూర్చుని ఉన్నారు, ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని. తలుపు సందులోంచి సంచి వంకే చూస్తున్నారు. ఆయన పేరు త్రినాథరాజు గారు. నోటితో పలకను గానీ రాస్తే తప్పు లేదనుకుంటాను.

ఆ ఎండాకాలమంతా ఆ ట్యాబ్‌తోనే గడిచింది. దాన్ని తయారుచేసిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. అందుకే ఇది రాస్తున్నాను.

ముందటి శ్రావణంలో ఆయన మా రొయ్యల చెరువు గట్టు మీద పడిపోయారు. గంటసేపు ఎవరూ చూడలేదు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్కసారే పోయాయి. బుర్రలో అన్నీ ఉన్నాయి, అవి నోట్లోకి వచ్చే దారే మూసుకుపోయిందని డాక్టరు గారు చెప్పారు. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదివే మనిషికి చదువు కూడా పోయింది. "బా, బా" అని మాత్రం అనేవారు. అది ఎప్పుడు మంచినీళ్ళో, ఎప్పుడు కోపమో నాకు అంతుపట్టేది కాదు.

తాతాజీకి అంతుపట్టేది. కనీసం మేమంతా అలా అనుకున్నాం. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి అతను తొమ్మిదేళ్ళవాడు. పెళ్ళి చేసుకోలేదు. అన్నగారు చెప్పిన పని చేసుకుంటూ అరవై దాటేశాడు. ఆయన పడిపోయాక మాత్రం ఇంట్లో అతని మాటకి విలువ వచ్చింది. డాక్టరు గారైనా, చుట్టాలైనా, నేనైనా, "ఏమంటున్నారండీ?" అని తాతాజీనే అడగాలి. అతను అన్నగారి మొహంలోకి ఒక క్షణం చూసి, గొంతు సవరించుకుని, "పెసరట్టు వెయ్యమంటున్నారండి," అని చెప్పేవాడు. వేసేదాన్ని. ఆయన సగం తిని వదిలేసేవారు. మిగతా సగం తాతాజీ తినేవాడు. నాకు ఏ అనుమానమూ రాలేదు.

మార్చి మొదట్లో రాజమండ్రి నుంచి ప్రిస్కిల్లా గారు వచ్చారు. స్పీచ్ థెరపిస్ట్. వెంట ఉదయ్‌కుమార్ అని సాఫ్ట్‌వేర్ ఆయన. మాట పోయినవాళ్ళు బొమ్మ నొక్కితే పలికే ట్యాబ్ ఒకటి తయారుచేస్తున్నారట. ఐదు ఇళ్ళల్లో పెట్టి చూసి, ఆ ఇళ్ళవాళ్ళు చెప్పిన ప్రకారం మారుస్తారట. డాక్టరు గారు మా ఇల్లు చెప్పారు. భీమవరానికి పది కిలోమీటర్లలో ఉంటాం కాబట్టి ప్రతి మంగళవారం రాగలరు.

మొదటి మంగళవారం ఆ ట్యాబ్ చూసి నాకు ఒళ్ళు మండింది. తొంభై ఆరు గడులు. ఒక్కోటి గోరంత. భోజనం అన్న చోట కత్తి, ముళ్ళ చెంచా. స్నానం అన్న చోట నురగ తొట్టిలో కూర్చున్న తెల్లవాడు.

"ఈయనెవరో నాకే తెలీదమ్మా, ఆయనకేం తెలుస్తుంది?" అన్నాను.

"అదే అండి మీరు చెప్పాల్సింది," అని ప్రిస్కిల్లా గారు రాసుకున్నారు.

ఆయన ఎడం చేత్తో ఒక గడి నొక్కారు. వార్తలు చదివే అమ్మాయి గొంతు ఒకటి, "నాకు నీరు ఇవ్వు," అంది. ఆయన ఉలిక్కిపడి నా వంక చూశారు, తన నోట్లోంచి ఎవరో పరాయి ఆడమనిషి మాట్లాడినట్టు. తరవాత ట్యాబ్‌ని ఒక్క తోపు తోశారు. ఉదయ్‌కుమార్ గారు ఎగిరి పట్టుకోబట్టి బతికింది.

"మా అన్నయ్యగారు పాలేరుని కూడా ఇవ్వు అనరండి," అన్నాడు తాతాజీ. "ఇవ్వండి అంటారు."

"మాట చిన్నదైతే త్వరగా వస్తుందని అలా పెట్టామండి," అన్నారు ఉదయ్‌కుమార్ గారు.

"త్వరగా రావడం కోసం మర్యాద తీసేస్తామా ఏంటండి?"

రెండో వారం ఇంట్లో వస్తువులే ఫోటోలు తీశారు. ఆయన కంచం, ఆయన స్టీలు గ్లాసు, పడక కుర్చీ, పెరుగు గిన్నె, బాత్రూమ్ తలుపు. నాకు ఒక పని అప్పగించారు. రోజంతా ఆయనకి ఏ మాట అవసరం పడుతోందో చూసి రాయాలి. నేను బడికి వెళ్ళలేదు. పచారీ కొట్టు పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. అలాంటి నాకు ఒక లాంగ్ నోట్‌బుక్కూ పెన్సిలూ ఇచ్చి రాయమన్నారు. పది రోజుల్లో నూట నలభై మాటలు రాశాను. అందులోంచి ముప్పై రెండు ఏరాలి. గడి పెద్దదైతే తప్ప ఆయన వేలు సరిగ్గా పడదు, అందుకని ముప్పై రెండే.

మాటలు ఏరడం ఎంత పాపిష్టి పనో అప్పుడు తెలిసింది. 'దురద' ఉంచితే 'దుప్పటి' పోతుంది. 'ఉప్పు తక్కువైంది' ఉంచితే 'తలనొప్పి' పోతుంది. 'చాలు' కావాలా, 'ఇంకొంచెం' కావాలా? ఉన్న మాటే ఆయన అనగలరు. నేను కొట్టేసిన మాట ఆయనకి ఇక లేనట్టే. కంచం ముందు కూర్చుని కూడా ఈ లెక్కే. ఒక మంగళవారం నోట్‌బుక్కు విసిరి కొట్టాను. తాతాజీ ఏరి తెచ్చి, "కోపం అనే మాట రాసుకున్నారాండి?" అన్నాడు. రాయలేదు. రాశాను.

ఇక గొంతు. అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకటే. ఫోన్లో నేనే చాలాసార్లు పొరపడేదాన్ని. కాబట్టి తాతాజీ మాటలు చెప్పాలి, ఉదయ్‌కుమార్ గారు రికార్డు చేసుకోవాలి. ఏప్రిల్ నెల, ఎన్నికల రోజులు. మాట మొదలుపెట్టగానే వీధిలో మైకు ఆటో వచ్చేది. ధాన్యం గదిలో కిటికీలకి పరుపులు ఆనించి, ఫ్యాను ఆపి, తాతాజీని లోపల కూర్చోబెట్టారు. చెమటకి చొక్కా పిండుకునేలా అయింది. అయినా ఎంత సంబరం అతనికి! "మంచినీళ్ళు ఇవ్వండి," అని ఆరు రకాలుగా చెప్పాడు. "ఇది మామూలు దాహానికండి. ఇది మందులు వేసుకునేటప్పుడండి."

నా ఫోటో ఉన్న గడి దగ్గర ఆగిపోయాడు. ఆయన నన్ను "ఏవండోయ్" అని పిలిచేవారు. ఆ మాట తాతాజీ చెప్పాలి.

"వదినగారిని నేనలా పిలవడమేంటండి! చెంపలేసుకోవాలి," అని బయటికి వచ్చేశాడు. ఎంత చెప్పినా వినలేదు. చివరికి నా గడికి గుడిగంట పెట్టారు. నొక్కితే గణగణ మోగుతుంది.

"చూశారా, దేవతని చేశారు మిమ్మల్ని," అని ప్రిస్కిల్లా గారు నవ్వారు.

ముప్పై ఒక్క మాటలు నావి. ఒక్కటి మాత్రం ప్రిస్కిల్లా గారు అడిగి పెట్టించారు. "ఎక్కడికి?" ఆయన ఎడం చేతికి బాగా అందే చోట, కింది వరసలో ఎడం పక్క మూల గడి. నాకు నచ్చలేదు. కానీ నూట నలభై మాటలు రాసిన గర్వంలో, ఒక్క మాటే కదా అని ఊరుకున్నాను.

పోలింగు అయిన మర్నాడు ఆయన ఆ గడి కనిపెట్టారు. తాతాజీ సైకిలు తీస్తుంటే వెనక నుంచి తాతాజీ గొంతే, "ఎక్కడికండి?" అంది. సైకిలు వదిలేసి నవ్వాడు.

"నన్ను నేనే అడుగుతున్నానండి! కొట్టుకండి అన్నయ్యగారూ, బ్లేడ్లకి."

ఆయన మొహం ఎడం సగం నవ్వింది. ఆ తరవాత ఇక ఆపలేదు. పాలావిణ్ణి అడిగారు, నేను పెరట్లోకి వెళ్తుంటే నన్ను అడిగారు, గోడ దిగుతున్న పిల్లిని అడిగారు. అందరూ జవాబు చెప్పి మరీ వెళ్తున్నారు. ఇల్లంతా సందడే. నేను మాత్రం ఆ మాట వినపడ్డప్పుడల్లా చేస్తున్న పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేదాన్ని.

మూడో రోజు, వారం ఉండడానికి వచ్చిన మా అమ్మాయి శ్రీసత్య పిల్లలతో తాడేపల్లిగూడెం బయల్దేరింది. కారు తలుపు వేస్తుండగా, "ఎక్కడికండి?"

నేను కారుకి అడ్డం నిలబడ్డాను. అందర్నీ దింపి, లోపలికి తెచ్చి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ పంపించాను. "అమ్మా, ఎండలో ఏంటమ్మా ఇది," అని శ్రీసత్య విసుక్కుంది. అది ఇల్లు చేరానని ఫోన్ చేసేదాకా నేను పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

ఆ మంగళవారం ప్రిస్కిల్లా గారితో ఆ మాట తీసెయ్యమన్నాను.

"అమ్మగారూ, మిగతా గడులన్నీ కావాలనో వద్దనో చెప్పేవి. ఆయన ఒకర్ని అడగడానికి ఉన్నది అదొక్కటేనండి," అన్నారు.

"అడగడానికి ఇంకో మాట పెట్టండి. ఎప్పుడొస్తారు అని పెట్టండి."

"ఆయన నొక్కుతున్నది దీన్నే కదండీ."

"అయితే ట్యాబ్ పట్టుకెళ్ళిపోండి."

అలా అన్నాను. నాకు తొమ్మిదో ఏట మా నాన్న చేతిసంచి పట్టుకుని గోదారి దాటడానికి పంటు ఎక్కబోతుంటే, రేవు మెట్ల మీద నుంచి, "ఎక్కడికి నాన్నా?" అని అరిచాను. వెనక్కి తిరిగి నవ్వారు. అదే ఆఖరు. అడిగినందుకే అలా అయిందని నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకుండా అందరూ నా వంక చూశారు. ఇదంతా ప్రిస్కిల్లా గారికి చెప్పాను. ఆవిడ పెన్ను మూత పెట్టేశారు.

"సరే అండి. మాట తీసేస్తాం. కానీ ఆ చోట్లోకి ఇంకోటి జరపను, ఖాళీగానే ఉంచుతాను. ఏ మాట ఎక్కడుందో వేళ్ళకి గుర్తుండిపోతుంది. జరిపితే ఆయన మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి."

ఉదయ్‌కుమార్ గారు ఆయన ముందే కూర్చుని ఆ గడి చెరిపారు. అది నల్లగా అయిపోయింది. ఆ సాయంత్రం ఆయన ఇంకే గడీ ముట్టుకోలేదు.

మే నెల ఆఖరి మంగళవారం పరీక్ష పెట్టారు. ఆయన నొక్కేది తెలిసి నొక్కుతున్నారా, చెయ్యి జారుతోందా అని చూడడానికట. వేరే పేజీలో రెండే పెద్ద ఫోటోలు వస్తాయి. ఒకే ప్రశ్న మూడుసార్లు, ఫోటోలు అటూ ఇటూ మార్చి అడుగుతారు. మూడుసార్లూ ఒకే జవాబు వస్తే నమ్మొచ్చు.

అన్నమా, ఇడ్లీయా? మూడుసార్లూ ఇడ్లీ. పెసరట్టా, ఉప్మానా? మూడుసార్లూ ఉప్మా.

"పెసరట్టు వద్దాండీ?" అన్నాను నేను.

"వద్దండి," అంది ట్యాబ్. తాతాజీ గొంతు. అందరం తాతాజీ వంక చూశాం. అతను చెవి గోక్కున్నాడు.

"సాయంత్రం ఎక్కడ కూర్చుంటారండి? చెరువు దగ్గరా, అరుగు మీదా?" అడిగారు ప్రిస్కిల్లా గారు.

"అది అడగక్కర్లేదండి," అన్నాడు తాతాజీ. "చెరువే. ఐదయ్యేసరికి నా వంకే చూస్తూ కూర్చుంటారు. నేను లేచేదాకా చూపు తిప్పరు."

అది నిజం. రోజూ ఐదింటికి తాతాజీ తలకి తువ్వాలు చుట్టుకుని, కుర్చీ తోసుకుంటూ అన్నగారిని చెరువు గట్టుకి తీసుకెళ్ళేవాడు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుంటే పక్కన గొంతుక్కూర్చుని, మేత సంగతి, నీళ్ళ సంగతి అన్నీ ఆయనకి చెప్పేవాడు. చీకటి పడుతుండగా వచ్చేవాళ్ళు. రోజు మొత్తంలో తాతాజీ మొహం వెలిగేది అప్పుడే.

ఆయన నొక్కారు.

"అరుగు మీదండి."

ఫోటోలు మార్చారు. "అరుగు మీదండి." మళ్ళీ మార్చారు. "అరుగు మీదండి."

ప్రిస్కిల్లా గారు ముందుకి వంగారు. "చెరువు దగ్గరికి వెళ్ళడం మీకు ఇష్టమేనాండి?"

"లేదండి."

"ఎప్పుడూ?"

"లేదండి. లేదండి."

అన్నీ తాతాజీ గొంతుతోనే. ధాన్యం గదిలో చెమటలు కక్కుకుంటూ చెప్పిన ఆ మాటలే. ఉదయ్‌కుమార్ గారికి నవ్వాగలేదు. "ఏంటండి తాతాజీ గారూ, మీరే అవునంటారు, మీరే లేదంటారు!" అన్నారు. మంచివాడే ఆయన, తమాషాకే అన్నారు. నాకూ నవ్వొచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. తొమ్మిది నెలల్లో అదే మొదటిసారి.

తాతాజీ కూడా నవ్వాడు. తరవాత అన్నగారి కుర్చీ దగ్గరికి వెళ్ళి, "నిజమేనాండి?" అన్నాడు.

ఆయన ఎడం చెయ్యి ట్యాబ్ మీదే ఉంది. నొక్కలేదు. తల కొంచెం వంచారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆయన పడిపోయింది ఆ గట్టు మీదేనని. గంటసేపు నీళ్ళ వంక మొహం పెట్టి, పిలవడానికి గొంతు లేక పడి ఉన్నారక్కడ. ఆ చోటికే రోజూ తోసుకెళ్తున్నాం. ఐదింటికి తాతాజీ వంక అంతసేపు చూసేది తీసుకెళ్ళమని కాదు, వద్దని.

ఆ సాయంత్రం తాతాజీ తువ్వాలు చుట్టుకుని ఒక్కడే చెరువుకి వెళ్ళాడు.

ఆ తరవాత అతను అన్నగారి మాట మాకు చెప్పడం మానేశాడు. స్నానం చేయించేవాడు, మంచం మీదికి ఎత్తేవాడు, బట్టలు మార్చేవాడు. చేతులతో చేసే పనులన్నీ చేసేవాడు. "బా, బా" అని ఆయన ఏదో అంటే మాత్రం ట్యాబ్ తెచ్చి ఒళ్ళో పెట్టి పక్కకి జరిగేవాడు.

"ఏమంటున్నారండీ?" అని నేను అలవాటుగా అడిగితే, "దాన్నే అడగండి వదినగారూ. నాకేం తెలుసని?" అనేవాడు.

ఆ ట్యాబ్ సంగతి చూస్తే అదొక తలకాయ నొప్పి. అరనిమిషం ముట్టుకోకపోతే ఆరిపోతుంది. వేలికి చెమట పడితే పలకదు. కరెంటు పోయిన రోజు చార్జింగు ఉండదు. ముప్పై రెండు గడుల్లో లేని మాటే ఆయనకి ప్రతిరోజూ అవసరం పడేది. మెడ దగ్గర దిండు జరపాలని తెలుసుకోవడానికి నాకు ముప్పావుగంట పట్టింది. అదే తాతాజీ అయితే చూస్తూనే జరిపేవాడు. గుమ్మంలో కూర్చుని చూస్తున్నాడు కూడా, లేవలేదు. నాకు మండుకొచ్చింది.

"ఇంతమాత్రానికే ఇంత అలకేంటండి? ఎవరైనా వింటే నవ్విపోతారు. పెసరట్టు వేస్తానులెండి, లేవండి," అన్నాను.

లేచాడు. దిండు చూసి, ఇంకొంచెం పైకి సర్ది, మళ్ళీ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

వారం తిరిగాక, "నాలుగు రోజులు ఊరెళ్ళొస్తానండి," అన్నాడు. ఇల్లు విడిచి ఒక్క రోజు ఉండని మనిషి. ఒక్క నాలుగు రోజులు ఎటైనా తిరిగొస్తే మనసు తేలికపడుతుందని నేను కూడా అనుకున్నాను. స్నానానికీ దానికీ పక్కింటి పాలేరుని మాట్లాడి పెట్టాడు. సంచి నేనే సర్దాను.

సంచి గుమ్మం దగ్గర పెట్టేసరికి ముందు గదిలో టక్, టక్ అని చప్పుడు. ఆయన గోటితో ట్యాబ్ అద్దం మీద కొడుతున్నారు. మాట రావడం లేదు. ఆరిపోయిందేమో అని చూశాను. వెలుగుతూనే ఉంది. చెమటేమో అని ఆయన వేలు, అద్దం రెండూ పైటతో తుడిచాను. మళ్ళీ టక్, టక్, టక్. చూస్తే కింది వరసలో ఎడం పక్క మూల, నల్ల గడి.

"అక్కడేం లేదండి. అది ఖాళీ. పైన నొక్కండి," అన్నాను.

ఆయన నా వంక చూసిన చూపు ఎలాంటిదంటే, నేను మొహం తిప్పుకున్నాను. మళ్ళీ నొక్కారు. మళ్ళీ మళ్ళీ నొక్కారు. ఆటో వచ్చి బయట హారన్ కొడుతోంది. తాతాజీ వచ్చి అన్నగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"బా! బా!"

"అబ్బ, ఏం కావాలండీ? నీళ్ళా? బాత్రూమా? సరిగ్గా నొక్కండి," అని నేను అరిచాను. బయల్దేరే వేళ అరవకూడదని తెలిసి కూడా అరిచాను.

ఆయన చెయ్యి మూల వదిలి పైకి వెళ్ళింది. చాలాసేపు గాలిలో తిరిగింది. తరవాత నొక్కారు.

"చెరువు దగ్గరికండి."

గుమ్మం దిగబోతున్న తాతాజీ తన గొంతు విని ఆగాడు.

"చెరువు దగ్గరికండి. తాతాజీ. చెరువు దగ్గరికండి."

నేను చెయ్యి జారిందనుకున్నాను. తాతాజీ అలా అనుకోలేదు. అన్నగారి మొహంలోకి ఒక క్షణం చూశాడు, పాతరోజుల్లో చూసినట్టు. గొంతు సవరించుకున్నాడు.

"వద్దులెండి అన్నయ్యగారూ," అన్నాడు. "మీకు ఇష్టం లేని చోటు."

నా వంక తిరిగి, "వస్తానండి వదినగారూ," అన్నాడు.

"మాత్రలు వేళకి వేసుకోండి," అన్నాను.

ఆటో మలుపు తిరిగేదాకా చూడకుండా లోపలికి వచ్చేశాను. అలా చూడడం కూడా మంచిది కాదంటారు.

నాలుగు రోజులైంది. వారమైంది. ఫోన్ స్విచ్చాఫ్. చుట్టాల ఇళ్ళన్నీ అడిగాం. పెనుగొండ, మొగల్తూరు, ఆకివీడు, ఎక్కడా లేడు. భీమవరం స్టేషన్‌లో దింపానని ఆటో అతను చెప్పాడు. పోలీసు స్టేషన్‌కి నేనే వెళ్ళాను. అక్కడ ఒక కానిస్టేబుల్ కూర్చోబెట్టి రాసుకున్నాడు.

"ఎక్కడికి వెళ్తున్నానని చెప్పారండి?"

"చెప్పలేదండి."

"మీరు అడగలేదాండి?"

"బయల్దేరేటప్పుడు..." అన్నాను.

అతను రాయడం ఆపి తలూపాడు. అతనిదీ ఈ ప్రాంతమే. "మా ఇంట్లోనూ అంతేనండి," అని, కాగితం మీద ఆ గీత ఖాళీగా వదిలేసి కిందికి వెళ్ళాడు.

ఆ మంగళవారం ఉదయ్‌కుమార్ గారు ట్యాబ్‌ని తన కంప్యూటరుకి తగిలించారు. ఏ గడి ఎప్పుడు నొక్కారో అంతా అందులో ఉంటుందట. చాలాసేపు చూసి, ప్రిస్కిల్లా గారిని పిలిచి చూపించారు. ఇద్దరూ నాకు చెప్పాలా వద్దా అన్నట్టు మొహాలు చూసుకున్నారు.

"చెప్పండి," అన్నాను.

"తాతాజీ గారు వెళ్ళిన శుక్రవారం పొద్దున్న ఖాళీ గడిని నలభై ఒక్కసార్లు నొక్కారమ్మా."

"చెయ్యి జారి ఉంటుంది."

"మూడుసార్లయితేనే నమ్ముతాం కదండీ," అన్నారు ప్రిస్కిల్లా గారు, మెల్లిగా. "ఆ మాట తీసేసిన రోజు నుంచీ నొక్కుతూనే ఉన్నారు. ఎవరు బయటికి వెళ్ళినా."

ఆయన అరుగు మీద కూర్చుని వీధి వంక చూస్తున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చెప్పడానికి నాకు ముప్పై రెండు గడులు కూడా లేవు.

ఆ మాట మళ్ళీ పెట్టమన్నాను. పాత రికార్డింగు చెరిపేశారట, మళ్ళీ చెప్పించాలి. తాతాజీ లేడు. మిషను గొంతు పెడితే ఆయన ట్యాబ్ తోసేస్తారు. అందుకని ధాన్యం గదిలో కిటికీలకి పరుపులు ఆనించి, ఫ్యాను ఆపి, నేను కూర్చున్నాను. అరవై రెండేళ్ళుగా నోటికి రానివ్వని మాట. ఆరుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఐదుసార్లు సగంలోనే ఆపేశాను.

ఇప్పుడు మా ఇంట్లో ట్యాబ్ తాతాజీ గొంతుతో మంచినీళ్ళు అడుగుతుంది, తాతాజీ గొంతుతో వద్దంటుంది. ఎవరైనా గుమ్మం దిగబోతే మాత్రం నా గొంతుతో, "ఎక్కడికండి?" అంటుంది. అందరూ ఆగి చెప్పి వెళ్తారు. నేనూ చెబుతాను. పెరట్లోకండి. కొట్టుకండి. పెనుగొండ గుడికండి, మధ్యాహ్నానికి వచ్చేస్తాను.

తాతాజీ 2024 జూన్ పద్నాలుగు, శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలకి మా గుమ్మం దిగాడు. తిరిగి రాలేదు.